తదుపరి ప్రకటన

ఊళ్ళో ఆమె మొహం తెలిసినవాళ్ళు తక్కువ. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పేది ఆమే. ఆసుపత్రి లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని చెప్పేదీ ఆమే. ఫోనులో డబ్బులు అయిపోయాయని ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పేదీ ఆమే. వీధిలో అందరూ స్టేషనమ్మ అంటారు. ఇస్త్రీ అతను బట్టలు ఇస్తూ, "నిన్న మీరు నన్ను ప్లాట్‌ఫాం మీద నిలువుకాళ్ళ మీద నిలబెట్టేశారమ్మా" అని నిష్ఠూరమాడతాడు. ఆమె కూడా, "పొరపాటైపోయింది, ఈసారి తొందరగా పంపిస్తాలే" అంటుంది. ఒక మనిషి గొంతు అన్నిచోట్లా వినిపిస్తుంటే లోకం ఆ మనిషికి ఏదో అధికారం ఉందనుకుంటుంది. ఇంట్లో కుక్కరు కూత కూడా తన మాట వినదని ఆమెకు తెలుసు.

అందుకే పౌర రక్షణ ఆఫీసువాళ్ళకి హెచ్చరిక చదవడానికి గొంతు కావలసి వచ్చినప్పుడు, వెతుక్కునే పని లేకపోయింది. పొరుగు దేశంతో మాటలు ముదిరి నెలలయింది. పేపర్లో రోజూ అణుబాంబు మాటే. బడుల్లో పిల్లల చేత బల్లల కింద దూరడం ప్రాక్టీసు చేయిస్తున్నారు. బజారులో బిస్కెట్లు, కొవ్వొత్తులు దొరకడం లేదు. ఎవరు ఎవరిని పలకరించినా చివరికి వచ్చి ఆగేది ఒక్క ప్రశ్న దగ్గరే. అది వస్తే మనవాళ్ళు ఆపగలరా?

స్టూడియో అంటే ఒక ఫర్నిచరు కొట్టు వెనకాల రెండు గదులు. లోపలి గది గోడలకి పాత పరుపులు కొట్టి ఉంటాయి, రెండు గదులకీ మధ్య ఒక అద్దం. బయటి గదిలో మీటల బల్ల ముందు బాబాయ్ కూర్చుంటాడు. ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని, రెండో చెవి లోకానికి వదిలేసి పనిచేయడం ఆయన అలవాటు. ఆమె ఎప్పటిలాగే గాజులూ గడియారమూ తీసి ఆయన బల్లమీద పెట్టింది, గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగింది, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

కాగితం తెచ్చిన అధికారి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. బయటి గదిలో బాబాయ్ పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరైనా లెమ్మంటారేమోనన్నట్టు.

"భయపెట్టకూడదండీ" అన్నాడు మైకులోంచి. "అలాగని లాలించకూడదు కూడా. ఆజ్ఞలా ఉండాలి."

బాబాయ్ హెడ్‌ఫోను సర్దుకుంటూ, "ఉప్పూ కారం లేకుండా వండి, రుచిగా ఉండాలంటారు. అంతేగా" అని గొణిగాడు.

ఆమె చదివింది. "హెచ్చరిక. ఇది హెచ్చరిక. అణు దాడి జరిగే ప్రమాదం ఉంది. వెంటనే దగ్గరలో ఉన్న నేలమాళిగలోకి వెళ్ళండి. కిటికీలకి దూరంగా కూర్చోండి. తదుపరి ప్రకటన వచ్చేవరకు బయటికి రావద్దు."

మొదటిసారి మరీ మెత్తగా ఉందన్నారు. "భోజనానికి పిలుస్తున్నట్టుందమ్మా" అన్నాడు అధికారి. రెండోసారి కసురుకున్నట్టుందన్నారు. ఇంకోసారి నోటి తడి శబ్దం పడింది. మరోసారి బయట కొట్టులో ఎవరో సుత్తితో మేకు కొట్టారు. ఆఖరికి అధికారి కళ్ళు మూసుకుని విని, తల ఊపాడు. ఆయన నుదురు చెమట పట్టి ఉంది. పాపం, మెత్తగా చదివినప్పటికంటే ఆజ్ఞలా చదివినప్పుడే ఆయనకి ఎక్కువ భయం వేసినట్టుంది.

ఆమె అలవాటుగా కాగితం తిప్పింది. వెనకవైపు ఏమీ లేదు.

"రెండోది ఇవ్వండి సార్" అంది.

"రెండోదేంటి?"

"తదుపరి ప్రకటన. ప్రమాదం తప్పింది, బయటికి రండి అనేది."

ఇది ఆ వృత్తిలో పద్ధతి. లిఫ్టుకి తలుపులు మూసుకుంటున్నాయని చెప్పిన రోజే తెరుచుకుంటున్నాయని కూడా చెప్పేయాలి. రైలు ఆలస్యమని చెప్పిన పూటే రైలు వస్తోందనీ చెప్పాలి. మనిషి గొంతు రోజుకో రకంగా ఉంటుంది. రెండూ వేరువేరు రోజుల్లో చదివితే ఇద్దరు మనుషులు చెప్పినట్టుంటుంది, వినేవాడికి నమ్మకం కుదరదు. బాబాయ్ దగ్గర జత లేని రికార్డింగు ఒక్కటీ బయటికి పోదు.

అధికారి ఫైలు తెరిచి చూశాడు. ఉన్న కాగితమే మళ్ళీ చూశాడు. "నాకు ఇచ్చింది ఇదొక్కటేనండీ."

"మర్చిపోయుంటారు" అన్నాడు బాబాయ్.

"ఉండచ్చు" అన్నాడు అధికారి, కానీ ఆ మాట ఆయన నోట్లోనే నలిగింది. "అడిగి ఎల్లుండి వస్తాను."

ఆమె గాజులు తొడుక్కుంటూ నిలబడిపోయింది. ఇందాక తను చదివిన ఆఖరి వాక్యం ఇప్పుడు కొత్తగా వినిపించింది. ఊరినంతా భూమి లోపలికి పంపించి, నేను పిలిచేదాకా రావద్దని చెప్పింది. పిలిచేది మాత్రం ఎవరూ రాయలేదు.

*

ఆమె భర్త ఉండేది కొండమీది స్థావరంలో. ఆకాశంలో వచ్చే క్షిపణిని ఆకాశంలోనే కొట్టేసే దళం అది. రాడారు తెరమీద చుక్కలు చూడటం అతని ఉద్యోగం. పరిస్థితులు చెడిన దగ్గర్నుంచి సెలవులు లేవు. వారానికోసారి ఫోను. అందులో అక్కడి సంగతి ఒక్కటీ చెప్పకూడదు. కాబట్టి అత్తగారి కాళ్ళ నొప్పులూ, కుళాయి కారడమూ మాట్లాడుకునేవాళ్ళు. అసలు మాటకి వచ్చేసరికి గడువు అయిపోయేది. "మీ కాల్ సమయం ముగిసింది" అని ఫోను తెగ్గొట్టేది కూడా ఆమె గొంతే. ఎన్నో ఏళ్ళ కిందట, పెళ్ళికి ముందు, వాక్యానికి ఇంతని తీసుకుని చదివింది. ఇప్పుడు అది మొగుడికీ పెళ్ళానికీ మధ్య సవతిలా వచ్చి కూర్చుంది. ఆ గొంతు వినిపించిన ప్రతిసారీ ఆమెకి దాన్ని చెంపమీద కొట్టాలనిపించేది.

ఆమెకి అతను కావాలి. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు కానీ, దాచుకోవడానికి కూడా ఏమీ లేదు. అతను స్నానం చేసి తుడుచుకోకుండా వచ్చి నేలంతా తడి చేస్తే తిట్టాలని ఉంది. పక్కన పడుకుని అతను మింగే గుటక వినాలని ఉంది. గొంతులతో బతికే మనిషికి ఒక గొంతు లేకపోవడం ఏమిటో ఆమెకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

అత్తగారికి ఈ బాధ లేదు. ఆవిడ రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ, వచ్చేపోయేవాళ్ళకి ధైర్యం పంచిపెడుతుంది. "మావాడున్నాడుగా! ఒక్కటి దాటనిస్తాడా? చిన్నప్పుడు గోళీలాటలో వాడి గురి చూడాల్సింది మీరు." గోళీలకీ క్షిపణులకీ ఉన్న తేడా ఆవిడకి చెప్పే సాహసం వీధిలో ఎవరికీ లేదు. ఉన్నా చెప్పరు. ఆ ధైర్యం వాళ్ళకీ కావాలి.

స్టూడియో నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీసేసరికి భర్త నిలబడి ఉన్నాడు, భుజాన సంచీతో.

"రేపు మధ్యాహ్నం దాకా వదిలారు" అన్నాడు.

ఆమె అతని భుజం మీంచి సంచీ తీసుకుంది, మళ్ళీ ఎవరైనా పట్టుకుపోతారేమోనన్నట్టు దాన్ని లోపలి గదిలో మంచం కిందకి తోసేసింది. అత్తగారు కొడుకు వీపు తడుముతూ, "చిక్కిపోయావు రా, వాళ్ళు తిండి పెడతారా, చుక్కలే పెడతారా" అని ఏడ్చి నవ్వింది.

కొడుకొచ్చాడని ఎవరికి ఎవరు చెప్పారో, పదింటికల్లా ఇల్లు నిండింది. ఇస్త్రీ అతను వచ్చాడు, కింది వాటా టీచరమ్మ వచ్చింది, పాలమనిషి సైకిలు గోడకి చేర్చి వచ్చాడు. అందరికీ టీ ఇచ్చేసరికి ఇంట్లో కప్పులు చాలలేదు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, టీచరమ్మే అడిగేసింది. "బాబూ, నిజం చెప్పు. అది వస్తే ఆపగలరా మీరు?"

"ఆపుతామండీ. మన దగ్గర అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. మీరు నిశ్చింతగా ఉండండి."

అందరి మొహాలూ తేటపడ్డాయి. ఇస్త్రీ అతను చప్పట్లు కొట్టినంత పని చేశాడు. గుమ్మం పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ ఆమెకి మాత్రం మాటలకంటే ముందు గొంతు వినిపించింది. మూడు వాక్యాలూ ఒక్క ఊపిరిలో అన్నాడు. మధ్యలో ఎక్కడా ఆలోచన లేదు, తడుముకోవడం లేదు. ఎన్నోసార్లు చదివి చదివి అరిగిపోయిన మాట ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. తన మొగుడు తనలాగే రికార్డింగు వినిపిస్తున్నాడు.

భోజనాలయ్యాక అత్తగారు కునుకు తీస్తుంటే, వంటింట్లో ఆమె గిన్నెలు తోముతోంది. అతను పక్కన నిలబడి కడుగుతున్నాడు.

"ఏవండీ. ఇప్పుడు నాకు చెప్పండి."

"ఏం చెప్పను?"

"పొద్దున వాళ్ళకి చెప్పింది కానిది."

అతను ఒక గ్లాసు అవసరమైనదానికంటే ఎక్కువసేపు కడిగాడు. "విసిరిన రాయిని ఇంకో రాయితో కొట్టడమోయ్ అది. గాల్లో ఉండగానే."

"కొట్టారుగా మొన్న. పేపర్లో ఫోటో వేశారు, అత్తయ్య దాచుకుంది."

"కొట్టాం. విసిరింది మనవాళ్ళే. ఎటునుంచి విసురుతారో, ఎప్పుడు విసురుతారో ముందే చెప్పి విసిరారు. దాగుడుమూతల్లో 'నేనిక్కడున్నా' అని అరిచేవాణ్ణి పట్టుకోవడం గొప్పేముంది?"

"మరి నిజంగా వస్తే?"

"ఒకటొస్తే ప్రయత్నిస్తాం. ప్రాణం పెట్టి ప్రయత్నిస్తాం, అది మాత్రం అబద్ధం కాదు. తగలచ్చు కూడా. నాలుగొస్తే? వాటితోపాటు ఉత్తుత్తివి ఇంకో పది వదిలితే? ఏది నిజమైనదో తేల్చుకునేలోపే..." చేతిలో గ్లాసు బోర్లించాడు. "వాటిల్లో ఒక్కటి దాటితే చాలు. మిగతావన్నీ ఆపామని చెప్పుకోవడానికి ఊరుండదు."

"మరి అందరికీ ఆపుతామని ఎందుకు చెప్తారు?"

"అమ్మ మొహం చూస్తూ ఏం చెప్పమంటావు? నువ్వే చెప్పు."

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టి, స్టూడియోలో జరిగింది చెప్పింది. రెండో కాగితం లేదని వినగానే అతను తిరిగి చూశాడు. ఇందాకటి మాటలన్నీ స్థిమితంగా చెప్పిన మనిషి మొహంలో ఇప్పుడు రంగు మారింది.

"లేదా? అదెలా? మా గది గోడకి బోర్డుంది. తదుపరి ప్రకటన వచ్చేవరకు కుర్చీ వదలకూడదు, తలుపు తీయకూడదు అని. నేను రోజూ దాని కిందే కూర్చుంటా."

"రాయనే లేదుటండీ."

"ఆ ప్రకటన నీ చేతే చదివిస్తారనుకున్నాను." అతను సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "ఎప్పుడైనా అలారం మోగితే, చేసేది చేశాక ఇక మా చేతుల్లో ఏం ఉండదు. కూర్చోవడమే. అప్పుడు పైనున్న స్పీకర్లో నువ్వు రండి అంటావు, తలుపు తీసుకుని వచ్చేస్తాను. చాలా రోజులుగా అదే అనుకుంటూ కూర్చుంటున్నానోయ్."

ఆమె తడిచేత్తోనే అతని చొక్కా పట్టుకుంది. అతను ఆ చెయ్యి విడిపించలేదు. "రేపు నేనూ వస్తా స్టూడియోకి" అన్నాడు. "అటునుంచి అటే వెళ్ళిపోతా."

*

మర్నాడు అధికారి వాళ్ళకంటే ముందే వచ్చి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒప్పించానమ్మా!" అన్నాడు, ఫైలు ఎత్తి చూపిస్తూ. ఆమె వెనకాల నిలబడ్డ భర్తని చూసి, "వీరు?" అన్నాడు.

"ఈమె భర్తనండీ." అంతకుమించి అతను చెప్పలేదు. బాబాయ్ ఒక స్టూలు లాగి అద్దం పక్కన వేశాడు.

"ఎక్కడ ఆగిందో తెలుసా?" అధికారి ఉత్సాహం పట్టలేకపోతున్నాడు. "మొదటిది సైరన్‌తో పాటు దానంతటదే మోగుతుంది. రెండోది మోగించాలంటే, ప్రమాదం తప్పిందని చూసి ఎవరో ఒకరు మీట నొక్కాలి. ఆ ఒకరు ఎవరన్నదే తేలలేదు. ఏ ఆఫీసూ తన పేరు వేసుకోలేదు. అప్పటికి మేముంటే కదా, అని అందరూ ఒకటే మాట. అందుకని అసలు ఆ ప్రకటనే ఎత్తేశారు. నేను నిన్నంతా గది గదీ తిరిగాను. చీవాట్లు కూడా తిన్నాను. ఆఖరికి మనిషితో పనిలేకుండా ఏర్పాటు చేశారు. హెచ్చరిక మోగిన మూడో రోజు పొద్దున యంత్రమే చెప్పేస్తుంది."

"ఆపినా, ఆపలేకపోయినా?" అంది ఆమె.

అధికారి ఉత్సాహం కొంచెం తగ్గింది. "యంత్రానికి ఆ తేడా తెలియదు కదమ్మా."

బాబాయ్ దగ్గి, మీటల మీద లేని దుమ్ము తుడిచాడు. భర్త నేలవైపు చూస్తున్నాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. కానీ ఆమె అడిగిందే ఇది, రాత్రంతా కలవరించింది ఇదే. అతన్ని తలుపు తీసుకుని రమ్మనే మాట కాగితం మీద రాసి ఎదురుగా ఉంది. గాజులు తీసి బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఈసారి ఎలా చదవాలో ఎవరూ చెప్పలేదు. అద్దం అవతల స్టూలు మీద అతను మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు, రోజూ ఆ బోర్డు కింద అలాగే కూర్చుంటాడేమో. బాబాయ్ వేలెత్తాడు.

"ప్రమాదం తప్పింది" అంది ఆమె. "మీరు క్షేమంగా ఉన్నారు. తలుపులు తీయండి. బయటికి రండి."

ఇన్నేళ్ళ వృత్తిలో ఆమె అంత బాగా ఏ వాక్యమూ చదవలేదు. గొంతులో ఆజ్ఞ లేదు, లాలన లేదు. పొద్దుపోయాక వీధి చివర మనిషి కనిపిస్తే గుమ్మంలోంచి అనే మాటలా ఉంది. ఆఖరి రెండు మాటలూ పలుకుతుండగా తలెత్తి చూసింది. భర్త లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు అతనికే తెలియదు. ఒక చెయ్యి ముందుకి చాచి ఉంది, అక్కడ లేని గొళ్ళెం కోసం.

ఆమెకి అప్పుడు తెలిసింది. ఎలా అయినా లేస్తాడు. బయట ఏమున్నా, ఏమీ లేకపోయినా, గాలి విషమైనా, కొండ కింద ఊరే లేకపోయినా, ఆ గొంతు రమ్మంటే ఈ మనిషి లేచి తలుపు తీసుకుని వచ్చేస్తాడు. అతనొక్కడే కాదు. అత్తగారు వస్తుంది. టీచరమ్మ పిల్లల్ని వేలు పట్టుకుని బయటికి తీసుకొస్తుంది. స్టేషనమ్మ చెప్పింది కదా అని.

"అద్భుతం!" అన్నాడు అధికారి. కళ్ళు ఒత్తుకుంటున్నాడు. "ఇంకోసారి అక్కర్లేదు."

"చెరిపెయ్ బాబాయ్" అంది ఆమె మైకులోనే.

"ఏంటమ్మా?"

"చెరిపెయ్యి."

బయటికి వచ్చేసరికి అధికారి లేచి నిలబడి ఉన్నాడు. "ఇదేంటండీ! మీరే కదా అడిగింది? మీ మాట పట్టుకుని నేను నిన్నంతా..."

"నేనే అడిగాను సార్. తప్పు నాదే. మీరు పడ్డ కష్టం ఊరికే పోయింది, క్షమించండి." అది మైకు ముందరి గొంతు కాదు. "రైలు వస్తోందని నేను చదివింది యంత్రమే వినిపిస్తుంది. కానీ వచ్చే రైలుని ఎవరో ఒకరు చూసి మీట నొక్కుతారు. ఇది చూడకుండా చెప్పే మాట. నేను చెప్తే వీళ్ళు నమ్ముతారు. నమ్మేవాళ్ళతో అలా ఎలా అంటాను?"

"అయితే ఏం చేయమంటారు? హెచ్చరికలో బయటికి రావద్దన్న ఆఖరి వాక్యం తీసేయమంటారా? తీసేస్తే నిమిషంలో జనం రోడ్లమీద ఉంటారు."

"తీయొద్దు. మొదటిది ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళండి. రెండోది బతికున్న మనిషే బయటికి వచ్చి, చూసి చెప్పాలి. ఎవరూ పేరు వేసుకోలేదన్నారుగా. నా పేరు రాసుకోండి."

"అప్పటికి మీరుంటారని ఏంటమ్మా నమ్మకం?"

"ఏం లేదు సార్. ఉంటే చెప్తాను. లేకపోతే చెప్పను. అంతకంటే నా దగ్గర ఏం లేదు."

అధికారి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకుని. ఆయనకీ ఇంట్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఏ నేలమాళిగలో కూర్చోవాలో నేర్చుకుంటూ. చాలాసేపు ఫైలు అట్ట మీద వేళ్ళతో తట్టి, ఆఖరికి పెన్ను తీశాడు.

"పేరు చెప్పండి."

"నాదీ వేసుకోండి" అన్నాడు బాబాయ్. "ఆవిడకి మాట్లాడటమే వచ్చు. మైకు ఎక్కడ ఆన్ చెయ్యాలో ఇప్పటికీ తెలియదు."

*

స్థావరానికి వెళ్ళే ట్రక్కు పెట్రోలు బంకు పక్కన ఆగుతుంది. ఎండ బాగా ఉంది. ఇద్దరూ గోడనీడలో నిలబడ్డారు. ట్రక్కు అప్పటికే వచ్చి ఉంది, కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే వెనకాల ఎక్కుతున్నారు. అతను సంచీ భుజానికి తగిలించుకున్నాడు, దింపాడు, మళ్ళీ తగిలించుకున్నాడు.

"నేను లేచి నిలబడ్డానా?" అన్నాడు.

"నిలబడ్డారు."

అతను తల ఊపాడు. డ్రైవరు హారను కొట్టాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాంటి చోట్ల ఎప్పుడొస్తారని అడిగేది ఆమే. అతను ఏదో ఒక తేదీ చెప్పేవాడు, ఆ తేదీకి వచ్చేవాడు కాదు. ఇవాళ ఆమె అడగలేదు. అతనే అడిగాడు. అద్దం అవతల కూర్చున్నప్పటి మొహమే అతనిది.

"నీకోసం ఎంతసేపు చూడాలోయ్?"

ఏదో ఒకటి చెప్పి పంపించడం ఎంత తేలికో ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. ఎంతసేపో లేదనచ్చు. వెంటనే వచ్చేస్తాననచ్చు. అతను నమ్మి హాయిగా ఎక్కి వెళ్ళిపోతాడు.

"తెలియదండీ" అంది. "కానీ నేను వచ్చి పిలిచేదాకా తలుపు మాత్రం తీయకండి."

"తీయను" అన్నాడు అతను, చెప్పేముందు ఒకసారి ఊపిరి తీసుకుని. తర్వాత వెళ్ళి ట్రక్కు ఎక్కాడు.